ఊళ్లో ఎంతమంది పుట్టారో చెప్పాలంటే: శాఖల డేటాను కలిపి మండల గణాంకాలు తయారుచేసే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

ఉదయగిరిలో కాపురం ఉంటున్న అమ్మాయి మొదటి కాన్పుకి పామూరులో పుట్టింటికి వెళ్తుంది, నొప్పులు మొదలయ్యాక ఒంగోలు ఆసుపత్రికి తీసుకెళ్తారు, బిడ్డ అక్కడ పుడుతుంది కాబట్టి జననం ఒంగోలు రిజిస్టర్లో పడుతుంది. కొన్ని నెలల తర్వాత తల్లీబిడ్డా ఉదయగిరి వచ్చేస్తారు, అంగన్‌వాడీలో పేరు అక్కడ రాస్తారు. గర్భిణిగా పేరు నమోదైంది ఉదయగిరిలోనా పామూరులోనా అన్నది ఆ ఏఎన్ఎం గారి రిజిస్టరు చూస్తేగానీ తెలియదు. ఇప్పుడు ఉదయగిరి మండలంలో ఏడాదికి ఎంతమంది పిల్లలు పుట్టారు అని అడిగితే జననాల రిజిస్టరు ఒక సంఖ్య చెబుతుంది, ఆరోగ్య శాఖ ఇంకోటి చెబుతుంది, అంగన్‌వాడీ మూడోది చెబుతుంది. మూడింట్లో ఏదీ దొంగ లెక్క కాదు, ఒక్కోటి ఒక్కో ప్రశ్నకు జవాబు, అంతే. మనకు కావాల్సిన ప్రశ్నకు జవాబు మాత్రం ఆ మూడింటినీ మనిషి మనిషికీ సరిచూసి కలిపితే తప్ప రాదు.

సర్వే చేయిస్తే పోదా అని అడుగుతారు. జాతీయ నమూనా సర్వేల్లో 2025 జనవరి నుంచి జిల్లాను ప్రాథమిక విభాగంగా తీసుకుంటున్నారు, అది మంచి మార్పే, కానీ మండలం దాకా దిగాలంటే ఆ నమూనా చాలదు. జనగణన 2011 తర్వాత మళ్లీ జరగనేలేదు, రాబోయేదానికి లెక్క తేదీ 2027 మార్చి 1. మధ్యలో ఉన్న ఇన్నేళ్లకీ మండలానికి, ఊరికి లెక్క కావాలంటే శాఖల దగ్గర ఇప్పటికే ఉన్న రిజిస్టర్లే దిక్కు. డెన్మార్క్ 1981లోనే ఇంటింటికీ తిరగకుండా రిజిస్టర్లతోనే జనగణన పూర్తి చేసింది, ఫిన్లాండ్ 1990లో చేసింది. వాళ్లకు ఉన్నట్టు జనాభా రిజిస్టరు మనకు లేదు కాబట్టి ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకోలేం, మన రికార్డులకు సరిపోయేలా చేసుకోవాలి.

ఇది సీపీవో (జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి) ఆఫీసులో పనిచేసేవాళ్లకి, మండల గణాంక అధికారులకి, సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్లకి, స్టాటిస్టిక్స్ చదువుకుని ఇలాంటి పని చేద్దామనుకునే పిల్లలకి. ఉదాహరణలన్నీ నెల్లూరు, పాత ప్రకాశం జిల్లాలవి.

ముందు ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

"అన్ని డేటాలూ ఒకచోట పడేద్దాం, తర్వాత చూద్దాం" అని మొదలుపెట్టిన పని ఎక్కడా తేలదు, పైగా అవసరం లేని వ్యక్తిగత వివరాలు కుప్పగా మన దగ్గర చేరతాయి. ప్రశ్నలో మూడు ఉండాలి: ఎవరిని లెక్కపెడుతున్నాం, ఎక్కడివాళ్లని, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా. మన ఉదాహరణకు అయితే "ఉదయగిరి మండలంలో స్థిర నివాసం ఉన్న తల్లులకు 2023 జనవరి 1 నుంచి డిసెంబరు 31 లోపు సజీవంగా పుట్టిన పిల్లలు ఎంతమంది, వాళ్లలో రెండేళ్లు నిండేలోపు అంగన్‌వాడీ రికార్డులోకి వచ్చినవాళ్లు ఎంతమంది". ఈ వాక్యం కాగితం మీద పెట్టుకున్నాక ఏ కాలమ్ అడగాలో ఏది అడగక్కర్లేదో అదే తేలుస్తుంది. తండ్రి ఆదాయం అక్కర్లేదు, బ్యాంకు ఖాతా అక్కర్లేదు, అడగొద్దు.

ఏ రిజిస్టరు ఎందుకు పుట్టిందో తెలుసుకోండి

ప్రతి రిజిస్టరుకీ ఒక పేజీ రాసుకోండి: దేనికోసం మొదలుపెట్టారు, ఎవరు ఎక్కిస్తారు, ఎప్పుడు ఎక్కిస్తారు, ఎవరు తప్పిపోతారు, అన్నిటికంటే ముఖ్యంగా ఏ కాలమ్ మీద డబ్బు ఆధారపడి ఉంది. డబ్బు ఆధారపడిన కాలమ్‌ని జాగ్రత్తగా నింపుతారు, మిగతావి చేతికొచ్చినట్టు నింపుతారు. ఇది సిబ్బందిని తప్పుపట్టడం కాదు, ఒకే మనిషి రోజుకి నాలుగు యాప్‌లలో ఎక్కించాల్సి వస్తే ఎవరైనా అంతే చేస్తారు.

జనన మరణాల నమోదు చట్టం 1969 ప్రకారం సంఘటన ఎక్కడ జరిగితే అక్కడే నమోదు, 21 రోజుల్లోపు. అందుకే నెల్లూరు, ఒంగోలు పట్టణాల్లో జననాలు ఎక్కువగానూ, ఉదయగిరి, సీతారామపురం, కొనకనమిట్ల లాంటి చోట్ల తక్కువగానూ కనిపిస్తాయి. మరణాలదీ ఇదే కథ, పైగా నెల్లూరు నుంచి జబ్బు చేసినవాళ్లని చెన్నై తీసుకెళ్లడం మామూలే కాబట్టి అక్కడ చనిపోయినవాళ్ల నమోదు తమిళనాడులో ఉంటుంది, మన జిల్లా ఫైలులో ఎంత వెతికినా దొరకదు. దీనికి మందు ఫారంలోనే ఉంది: జనన నివేదిక ఫారంలో చట్టపరమైన భాగం వేరు, గణాంక భాగం వేరు, తల్లి నివాస గ్రామం గణాంక భాగంలో ఉంటుంది. చాలామంది అడిగేది సర్టిఫికెట్‌కి పనికొచ్చే మొదటి భాగమే. మీరు రెండోది అడగండి.

భూమి సంగతి ఇంకా చిక్కు. 1బి, అడంగల్ అనే రెవెన్యూ రికార్డులు భూమి యజమాని చుట్టూ తిరుగుతాయి, ఈ-క్రాప్ అనే పంట నమోదు పంట చుట్టూ తిరుగుతుంది, దున్నేవాడు రెండింట్లోనూ కనిపించకపోవచ్చు. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు రైతుకి 11 నెలల కార్డు ఇవ్వొచ్చు గానీ దానికి యజమాని ఒప్పుకోవాలి, చాలామంది ఒప్పుకోరు. కాబట్టి "కార్డు ఉన్న కౌలు రైతులు" అన్న సంఖ్యని "కౌలు రైతులు" అని పట్టికలో రాస్తే అది తప్పు పట్టిక. ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు వైపు మరో రకం: కాగితంలో పొలం, నేల మీద రొయ్యల గుంట. అక్కడ రెవెన్యూ రికార్డుకి తోడు మత్స్య శాఖ దగ్గరి గుంటల వివరాలు, కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్లు, ఆక్వా కేటగిరీ కరెంటు సర్వీసులు పక్కపక్కన పెడితే తప్ప వరి విస్తీర్ణం నిజంగా ఎంతో చెప్పలేం.

అనుమతి కాగితం లేకుండా ఒక్క ఫైలూ తీసుకోవద్దు

తెలిసిన క్లర్కు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు, వాట్సాప్‌లో ఎక్సెల్ వచ్చింది, ఇలాంటి వాటితో మొదలుపెట్టకండి. గణాంకాల సేకరణ చట్టం 2008 కింద సేకరించిన సమాచారాన్ని గణాంక ప్రయోజనానికే వాడాలి, మనిషి గుర్తు తెలిసేలా ప్రచురించకూడదు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో సెక్షన్ 17 పరిశోధనకూ గణాంకాలకూ మినహాయింపు ఇస్తుంది, అయితే ఒక షరతు ఉంది: ఆ డేటాతో ఫలానా వ్యక్తి మీద నిర్ణయం తీసుకోకూడదు. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతలు 18 నెలల గడువు తర్వాత అమల్లోకి వస్తాయి, అప్పటిదాకా ఆగి అలవాటు చేసుకుందాం అనుకోవద్దు. జనగణన చట్టం 1948లో సెక్షన్ 15 ఇంకా గట్టిది, జనగణన షెడ్యూళ్లలో రాసిన ఎంట్రీలు చూసే హక్కు ఎవరికీ లేదు, కాబట్టి ఆ వ్యక్తిగత రికార్డులతో కలపాలన్న ఆలోచనే వద్దు, ప్రచురించిన పట్టికలు వాడుకోండి.

ఒప్పందంలో ఉండాల్సినవి: ప్రశ్న (పైన రాసిన వాక్యమే), అడిగే కాలమ్‌లు, ఎవరెవరు చూస్తారో పేర్లతో సహా, ఏ కంప్యూటరులో ఉంటుంది, ఎప్పటికి చెరిపేస్తారు, ఫలితం బయటికి వెళ్లేముందు ఎవరు చూస్తారు. ఇంకొక్క వాక్యం కూడా తప్పనిసరిగా పెట్టించండి, ఎంత ఒత్తిడి వచ్చినా తీయొద్దు: "ఈ పనిలో తేలిన వ్యక్తుల జాబితాను ఏ పథకం అర్హత తనిఖీకీ, కార్డు రద్దుకీ, వసూలుకీ ఇవ్వబోము." ఎందుకింత పట్టుదల అంటే, లెక్క కోసం కలిపిన జాబితా ఒక్కసారి పింఛన్ల ఏరివేతకు వెళ్లిందని ఊళ్లో తెలిస్తే, తర్వాత ఏ ఆశా కార్యకర్త తలుపు తట్టినా ఇంట్లో ఎంతమంది ఉన్నారో నిజం చెప్పరు. ఆ నష్టాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూడ్చలేదు. కలపడం లెక్కపెట్టడానికి, మనిషిని పట్టుకోవడానికి కాదు అన్న గీత దగ్గర నేను ఎవరితోనూ రాజీపడను, మీరూ పడొద్దు.

ఊరు, ఏడాది, కొలత: ఈ మూడూ ముందు సరిచేయండి

మనుషుల పేర్లు కలపడానికి ముందు ఊళ్ల పేర్లు కలపాలి. ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరి 2న నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి ముక్కలు తీసి ఏర్పాటు చేసింది. 2022 ఏప్రిల్ 4న మళ్లీ విడదీశారు (2025 చివర్లో గీతలు ఇంకోసారి మారాయి, ఇది 2022 నాటి సంగతి): చీరాల, పర్చూరు, అద్దంకి వైపు బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి, కందుకూరు నెల్లూరులో కలిసింది, సూళ్లూరుపేట, గూడూరు, వెంకటగిరి వైపు తిరుపతి జిల్లాకి పోయాయి. కాబట్టి 2021 నాటి "నెల్లూరు జిల్లా" సంఖ్యనీ 2023 నాటి దాన్నీ పక్కన పెట్టి పెరిగింది, తగ్గింది అంటే అర్థం లేదు. జిల్లా మొత్తాలతో పని చేయకండి, ఊరి స్థాయికి దిగి మళ్లీ పైకి కూడండి. దీనికి కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్‌ని వెన్నెముకగా పెట్టుకుని, ప్రతి శాఖ వాడే ఊరి పేరుకీ ఆ కోడ్‌కీ ఒక సరిచూపు పట్టిక తయారుచేసుకోండి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఆ ఊరు ఏ మండలం, ఏ జిల్లా అన్న రెండు తేదీల కాలమ్‌లతో సహా. మళ్లీ గెజిట్ వచ్చి గీత మారితే ఒక వరస చేర్చుకుంటే సరిపోతుంది.

ఇక్కడ అందరూ తడబడేది రెవెన్యూ గ్రామం, పంచాయతీ, సచివాలయం, ఏఎన్ఎం సబ్‌సెంటరు, ఈ నాలుగింటి సరిహద్దులూ ఒకటి కాకపోవడం. ఒక రెవెన్యూ గ్రామంలో రెండు పంచాయతీలు ఉండొచ్చు, ఒక సబ్‌సెంటరు కింద మూడు ఉండొచ్చు. కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడు పని చేయాలంటే ఇది ప్రాణం మీదికొస్తుంది: నీళ్ల పరీక్ష ఆవాసం వారీగా ఉంటుంది, ఆరోగ్య రికార్డు సబ్‌సెంటరు వారీగా ఉంటుంది, లీటరుకి 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన బోరు నీళ్లు తాగే ఆవాసం ఒకటి, పైపు నీళ్లు వచ్చే ఆవాసం ఒకటి ఒకే సబ్‌సెంటరులో ఉంటే సగటు తీసిన క్షణమే విషయం మాయమైపోతుంది. అందుకని ఆవాసం స్థాయి వదలొద్దు.

ఏడాది. జననాలకు క్యాలెండరు సంవత్సరం, బడ్జెట్‌కి ఏప్రిల్ నుంచి మార్చి, అడంగల్‌కి ఫసలీ అంటే జూలై 1 నుంచి జూన్ 30. 1434 ఫసలీ అంటే 2024 జూలై నుంచి 2025 జూన్. నెల్లూరుకి మరో చిక్కు ఎడగారు. వేసవిలో సోమశిల నీళ్లతో వేసిన వరి ఆగస్టు, సెప్టెంబరు దాకా పోతుంది, అంటే నాటింది ఒక ఫసలీలో, కోసింది ఇంకో ఫసలీలో. నాట్ల తేదీతో లెక్కేస్తారో కోత తేదీతో లెక్కేస్తారో మొదటే తేల్చి రాసుకోకపోతే విస్తీర్ణం ఒక ఏడాదిలో, దిగుబడి మరో ఏడాదిలో పడి, ఎకరా దిగుబడి నమ్మశక్యం కాకుండా వస్తుంది.

కొలత. నెల్లూరులో ధాన్యం పుట్టి లెక్కన చెబుతారు, పుట్టి అంటే 850 కిలోలు, 8.5 క్వింటాళ్లు. జిల్లా దాటితే బస్తాల లెక్క. ఎకరాలు, సెంట్లు ఒక ఫైలులో, హెక్టార్లు ఇంకో ఫైలులో. 1 హెక్టారు 2.471 ఎకరాలు. సెంట్లతో మరో చిన్న ప్రమాదం: 2 ఎకరాల 5 సెంట్లని 2.05 అని రాయాలి, 2.5 అని రాసినవి ఉంటాయి. సర్వే నంబర్లలో 123/2బి, 123-2బి, 123/2-బి మూడూ ఒకటే, ఎక్సెల్ అయితే 12/3ని మార్చి 12 అనో డిసెంబరు 3 అనో అనుకుని తేదీగా మార్చేస్తుంది. ఆ కాలమ్‌ని ఫైలు తెరవకముందే టెక్స్ట్‌గా పెట్టండి.

పేర్లు

సాఫ్ట్‌వేరు పుస్తకాల్లో చెప్పే సౌండెక్స్ (పలికే తీరుని బట్టి పేర్లు పోల్చే పద్ధతి) లాంటివి ఇంగ్లీషు పేర్ల కోసం తయారైనవి, మన పేర్లకు సరిపడవు. పెంచలకోన చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా పెంచలయ్యలు, పెంచలమ్మలు, మాలకొండ వైపు పోతే మాలకొండయ్యలు, మాల్యాద్రులు ఎంతమందో. పేరు కలిసింది కదా అని మనిషి కలిసినట్టు కాదు. అదే సమయంలో ఒకే మనిషి పేరు నాలుగు రకాలుగా ఉంటుంది: రేషన్ కార్డులో భర్త ఇంటిపేరు, పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట పొడి అక్షరం వెనక, ఒకచోట అసలు లేకుండా. తండ్రి లేదా భర్త అన్న ఒకే కాలమ్‌లో ఇద్దరిలో ఎవరి పేరుందో తెలియదు.

చేయాల్సింది ఇది. అసలు పేరు కాలమ్‌ని ముట్టుకోవద్దు, పక్కన కొత్త కాలమ్‌లో కుదించిన రూపం తయారుచేయండి. తెలుగులో ఉంటే దీర్ఘాలను హ్రస్వాలు చేయండి, ఒత్తు పలికే అక్షరాలను మామూలువి చేయండి, శ ష స మూడూ ఒకటి, ణ న ఒకటి, ళ ల ఒకటి, జంట అక్షరాలు ఒకటే. ఇంగ్లీషు లిపిలో ఉంటే డబ్ల్యూని వి చేయండి, టీ పక్కన, డీ పక్కన వచ్చే హెచ్‌లు తీసేయండి, రెండు ఈలు ఉంటే ఒక ఐ, రెండు ఓలు ఉంటే ఒక యు, ఎక్స్ ఉంటే కె-ఎస్. వెంకటేశ్వర్లు, వెంకటేశ్వరులు, వెంకటేసులు ఇలా చాలావరకు దగ్గరికొస్తాయి. అయ్య, అమ్మ, రావు, రెడ్డి, బేగం, బాషా లాంటి చివరలని విడదీసి వేరే కాలమ్‌లో పెట్టండి, పారేయొద్దు. రమణయ్య, రమణమ్మ తేడా ఆ చివర్లోనే ఉంది మరి.

పసిపిల్లల దగ్గర పేరే ఉండదు. జననం నమోదయ్యే నాటికి పేరు పెట్టి ఉండరు, తర్వాత చేర్చుకునే వీలుంది కానీ చాలామంది బడిలో వేసేదాకా చేర్చరు. కాబట్టి జనన రికార్డు కలపడానికి బిడ్డ పేరు పనికిరాదు, తల్లి పేరు, పుట్టిన తేదీ, ఆడా మగా, నివాస ఊరు, ఈ నాలుగే ఆధారం. కవలలు ఇద్దరూ ఆడో, ఇద్దరూ మగో అయితే ఈ నాలుగూ ఒకటే అయ్యి ఇద్దరు పిల్లలు ఒక్కరైపోతారు, అందుకే ఆ కాన్పులో ఎన్నో బిడ్డ అన్న కాలమ్ తప్పకుండా అడగండి.

పెద్దవాళ్ల పుట్టిన తేదీల్లో జనవరి 1, జూలై 1 ఎన్ని ఉన్నాయో ముందు లెక్కపెట్టి చూడండి. తేదీ తెలియనివాళ్లకి వేసిన తేదీలు అవి, వాటిని సాక్ష్యంగా తీసుకోకూడదు, ఏడాది మాత్రం వాడుకోండి.

పేర్లు చూసేవాళ్లు వేరు, వివరాలు చూసేవాళ్లు వేరు

ప్రతి శాఖ ఫైలునీ రెండు ముక్కలు చేయాలి. ఒకదాంట్లో పేరు, తేదీ, ఊరు, ఒక వరస సంఖ్య. రెండోదాంట్లో అదే వరస సంఖ్య, బరువు, టీకా, మిగతా సంగతులు. కలిపే మనిషికి మొదటిదే ఇవ్వండి, విశ్లేషించే మనిషికి రెండోదే ఇవ్వండి. కలిపాక మిగిలేది వరస సంఖ్యల జంటల జాబితా ఒక్కటే. జనన ఫారాన్ని చట్టపరమైన భాగం, గణాంక భాగం అని విడదీయడంలో ఉన్న ఆలోచన కూడా ఇదే, కొత్తదేమీ కాదు.

"ఆధార్ ఉందిగా, దాంతో కలిపేస్తే టెన్షన్ లేదు" అంటారు. ఆధార్ చట్టం 2016 ప్రకారం గుర్తింపు సమాచారాన్ని తీసుకునేటప్పుడు చెప్పిన పనికి తప్ప వాడకూడదు. సరే, నంబరుని హాష్ చేసి, అంటే నేరుగా వెనక్కి తిప్పలేని కోడ్‌గా మార్చి, పంపిస్తాం అంటారు. ఆధార్‌లో 12 అంకెలు, మొదటిది 0 గానీ 1 గానీ కాదు, చివరిది మిగతా 11 నుంచి లెక్కకట్టే తనిఖీ అంకె. అంటే సాధ్యమైనవి 8,000 కోట్ల నంబర్లు, అన్నిటికీ హాష్‌లు కట్టి పోల్చి చూడటం ఇప్పటి కంప్యూటర్లకు పెద్ద పని కాదు, కాబట్టి రహస్య తాళం కలపని హాష్ నంబరుని దాచినట్టే కాదు. ఏ నంబరు హాష్ చేసినా ఒక పొడవాటి రహస్య మాట కలిపి చేయాలి, ఆ మాట ఫైళ్లు ఉన్న కంప్యూటరులో ఉండకూడదు.

కలపడం

మొదట తేలికైనవి తీసేయండి: కుదించిన తల్లి పేరు, తేదీ, లింగం, ఊరి కోడ్ అన్నీ అచ్చంగా సరిపోయి, రెండు వైపులా ఒక్కటే ఉన్నవి. తర్వాత ఒక్కోటి సడలించండి, తేదీలో ఒక రోజు తేడా, రోజు నెల తారుమారు, పక్క ఊరు. ఇక్కడ పుట్టింటి సంగతి గుర్తుంచుకోండి, మండలం లోపలే వెతికితే ఉదయగిరి అమ్మాయి పామూరు రికార్డులో దొరకదు. రెండు జిల్లాల ఫైళ్లూ కలిపి, పుట్టిన నెలని బట్టి గుంపులు చేసుకుని, ఆ గుంపుల్లో వెతకండి.

ఆ తర్వాత మిగిలినవాటికి బరువుల పద్ధతి. దీనికి 1959లో న్యూకూంబ్ బృందం దారి వేస్తే 1969లో ఫెలెగీ, సంటర్ గణిత రూపం ఇచ్చారు, ఇప్పటికీ అదే పునాది. ప్రతి కాలమ్‌కీ రెండు సంఖ్యలు: నిజంగా ఒకే మనిషి అయితే ఇది సరిపోయే అవకాశం ఎంత, వేరేవాళ్లయితే యాదృచ్ఛికంగా సరిపోయే అవకాశం ఎంత. మొదటిదాన్ని రెండోదాంతో భాగించి, 2 ఆధారంగా లాగరిథం తీస్తే బరువు. లెక్క అర్థం కావడానికి ఊహించిన సంఖ్యలతో చూద్దాం. లింగం సరిపోతే 0.99ని 0.5తో భాగిస్తే బరువు దాదాపు 1, అంటే పెద్ద సాక్ష్యం కాదు. ఒకే ఏడాది పిల్లల్లో పుట్టిన తేదీ సరిపోతే 0.9ని 1/365తో భాగించాలి, బరువు 8.4, గట్టి సాక్ష్యం. సరిపోకపోతే మైనస్ 3.3, అంటే కొంత అనుమానమే తప్ప కొట్టిపారేయలేం. తల్లి పేరు రమణమ్మ అనుకోండి, ఒకే మనిషి అయితే పేరు సరిపోయే అవకాశం 0.8 అనుకుందాం, ఆ ప్రాంతంలో వందలో నలుగురు రమణమ్మలుంటే బరువు 4.3. వెయ్యికి ఒక్కరే ఉండే పేరు అయితే 9.6. చాలామంది అన్ని పేర్లకూ ఒకే బరువు వేస్తారు, మన జిల్లాల్లో అలా వేస్తే పెంచలమ్మలందరూ ఒకరితో ఒకరు కలిసిపోతారు.

అన్ని బరువులూ కూడితే వచ్చే మొత్తానికి రెండు గీతలు పెట్టుకోండి. పై గీత దాటితే కలిసినట్టు, కింది గీత కన్నా తక్కువైతే కలవనట్టు, మధ్యలోవి మనిషి కంటితో చూడాలి. ఈ చూపు పనికి ఆ ప్రాంతం పేర్లు, వాడుకలు తెలిసినవాళ్లు ఉండాలి, హైదరాబాదులోనో బెంగళూరులోనో కూర్చున్న ఏజెన్సీ మనిషికి మస్తానమ్మ, మస్తాన్‌బీ ఒకరే కావచ్చన్న ఊహ రాదు. ఇద్దరు విడివిడిగా చూసి, తేడా వచ్చినచోట మూడో మనిషిని అడగండి. కొన్ని వేల రికార్డులకు ఎక్సెల్ సరిపోతుంది, లక్షల్లో ఉంటే బ్రిటన్ న్యాయ మంత్రిత్వ శాఖ తయారుచేసి ఉచితంగా ఇచ్చిన స్ప్లింక్ అనే పైథాన్ పరికరం మామూలు ల్యాప్‌టాప్ మీదే నడుస్తుంది. ఇంటర్నెట్ తీసేసి నడపండి.

కలవనివాళ్ల దగ్గరే ఎక్కువసేపు కూర్చోండి

ఎంత శాతం కలిసింది అన్న సంఖ్య చూపించి ప్రెజెంటేషన్ ముగించేస్తారు. నాకైతే ఈ పనంతటిలో ముఖ్యమైన పట్టిక కలవని రికార్డులది. అవి ఊరికే అక్కడక్కడా చెదిరి ఉండవు, ఒకేచోట గుమిగూడి ఉంటాయి. నెల్లూరు జిల్లాలో యానాది కుటుంబాలు గుంటల దగ్గరికీ ఇటుక బట్టీలకీ పనికి మారుతుంటారు, పిల్లల జనన నమోదు ఆలస్యం కావచ్చు, అసలు లేకపోవచ్చు. ప్రకాశం పడమటి మండలాల నుంచి హైదరాబాదు, బెంగళూరు వలస వెళ్లినవాళ్ల పిల్లలు ఒక రికార్డులో ఉండి ఇంకోదాంట్లో ఉండరు. కౌలుకు చేసేవాళ్ల పంట లెక్కలో ఉంటుంది, వాళ్లు మాత్రం ఉండకపోవచ్చు. వీళ్లని "డేటా క్వాలిటీ సమస్య" అని తీసేసి మిగతావాళ్లతో సగటు వేస్తే, ఎవరికి లెక్క ఎక్కువ అవసరమో వాళ్లే లెక్కలోంచి పోతారు. కలిసిన శాతాన్ని ఊరు, సామాజిక వర్గం, ఆడ మగ, కాన్పు ఎక్కడ జరిగింది అన్న వారీగా విడదీసి చూడండి, ఎక్కడ బాగా పడిపోయిందో అక్కడికి మనిషి వెళ్లి చూడాలి.

రెండు జాబితాల్లోనూ లేనివాళ్లు ఎంతమందో అంచనా వేసే పద్ధతి మన దేశంలోనే, కలకత్తా దగ్గర సింగూరు లెక్కలతో చంద్రశేఖరన్, డెమింగ్ 1949లో చూపించారు. ఊహించుకోండి: జననాల రిజిస్టర్లో 400 మంది, అంగన్‌వాడీలో 350 మంది, రెండింట్లోనూ ఉన్నది 300 మంది. ఏదో ఒకదాంట్లో ఉన్నవాళ్లు 450. మొత్తం అంచనా 400ని 350తో గుణించి 300తో భాగిస్తే 467, అంటే ఎవరికీ కనిపించని పిల్లలు దాదాపు 17 మంది. ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒక జాబితాలో లేనివాళ్లు రెండోదాంట్లోనూ లేకుండా పోయే అవకాశం ఎక్కువైతే అసలు సంఖ్య 17 కన్నా పెద్దది. అదే మనం కలపడంలో చేతకాక కొన్ని జంటలు వదిలేస్తే, 300 తగ్గి అంచనా అనవసరంగా ఉబ్బుతుంది. అందుకే పైన పేర్ల దగ్గర అంత ఓపిక పట్టమన్నది, అందుకే ఊరి గుంపులు, సామాజిక వర్గాలు విడివిడిగా చేసి కూడమనేది. మన నమూనా నమోదు పథకం (ఎస్ఆర్ఎస్) కూడా ఒకరు ఏడాది పొడుగునా రాసిన జాబితాని మరొకరు ఆరు నెలలకోసారి చేసిన సర్వేతో సరిచూసే ఇదే సూత్రం మీద నడుస్తోంది.

కలిసినవాటిలో తప్పుగా కలిసినవి ఎన్నో కూడా చెప్పాలి. యాదృచ్ఛికంగా కొన్ని వందల జంటలు తీసి, అనుమతి ఉన్న మనిషి మూల రిజిస్టరుతో చూడాలి. ఆ శాతాన్ని ఫలితం పక్కనే రాయండి, అనుబంధంలో దాచొద్దు.

బయటికి ఇచ్చేముందు

ఊరి వారీ పట్టికలో "18 ఏళ్లలోపు తల్లులు: 1" అని పడితే ఆ ఊళ్లో అందరికీ ఎవరో తెలుస్తుంది. చిన్న సంఖ్యలున్న గడులు మూసేయండి. ఒక్క గడి మూసి వరస మొత్తం అలాగే ఉంచితే తీసివేతతో దొరికిపోతుంది కాబట్టి తోడుగా ఇంకో గడి మూయాలి, లేదా అన్ని సంఖ్యలనీ దగ్గరలోని 5 గుణిజానికి సవరించాలి. నిరుడు ఇచ్చిన పట్టికనీ ఇప్పటిదాన్నీ తీసివేసి చూడండి, ఏమైనా బయటపడుతుందేమో. ఊరి స్థాయిలో చెప్పలేనిది మండలం స్థాయిలో చెప్పండి, లేదా మూడేళ్లు కలిపి చెప్పండి.

శాఖలకు ఏదో ఒకటి తిరిగి ఇవ్వకపోతే వచ్చే ఏడాది ఫైలు ఇవ్వరు. ఇవ్వాల్సింది పేర్ల జాబితా కాదు. "మీ ఫైలులో ఫలానా సబ్‌సెంటర్లలో తల్లి నివాస గ్రామం ఖాళీగా ఉంది, ఫలానా చోట తేదీలన్నీ నెల ఒకటో తారీఖే ఉన్నాయి" అని తప్పుల తీరు చెప్పండి, ఆ తర్వాత ఏడాది ఫైలు ఎంత బాగుపడుతుందో చూస్తారు. సచివాలయం వాళ్లకి కూడా వాళ్ల ఊరి పట్టిక తెలుగులో ఒక పేజీ ఇవ్వండి, డేటా ఎక్కించినవాళ్లకి అది ఎక్కడికి పోయిందో తెలియాలి.

ఇక చివరి పని, వాయిదా వేయకూడనిది. ఒప్పందంలో రాసిన తేదీకి పేర్లున్న ఫైళ్లు, రహస్య మాట చెరిపేసి, చెరిపినట్టు ఇద్దరు సంతకం పెట్టిన కాగితం ఇచ్చిన ప్రతి శాఖకీ పంపండి. ఊరి కోడ్‌ల పట్టిక, పేర్లు కుదించే నియమాలు, బరువులు, గీతలు ఎక్కడ పెట్టారో, ఎడగారుని ఏ ఏడాదిలో వేశారో, ఇవన్నీ మాత్రం తేదీ వేసి దాచి ఉంచండి, వచ్చే ఏడాది బదిలీ మీద వచ్చే మనిషి వాటితోనే మొదలుపెట్టాలి.